అట్ట వేసిన పాట

దోహాలో, అల్ మన్సూరా పేటలో ఆ నాలుగంతస్తుల బిల్డింగుకి గుమ్మం మీద ఏదో పేరుంది గానీ ఎవరూ ఆ పేరుతో పిలవరు. "పియానో బిల్డింగ్" అంటేనే టాక్సీవాడికైనా, నీళ్ళ క్యాన్లు తెచ్చేవాడికైనా తెలుస్తుంది. ఆ పియానో రెండో అంతస్తులో ఉండే సుసన్నగారిది. సాయంత్రం నాలుగయ్యేసరికి టింగుటింగుమంటూ మొదలవుతుంది. ఎదురింటి ఈజిప్టాయన ధడాలున తలుపేసుకుంటాడు. వేసుకోనీ! సుసన్నగారికి ఖాతరు లేదు.

అరవై ఏళ్ళ మనిషి. కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతుంటుంది, చేతిలో ఎప్పుడూ ఒక పెన్సిలు. పిల్లల వేలు తప్పు మెట్టు మీద పడిందో, కణుపు మీద ఆ పెన్సిలుతో చిన్న దెబ్బ. కీబోర్డులంటే ఆవిడకి ఒళ్ళుమంట. "బటన్ నొక్కితే డ్రమ్ము, బటన్ నొక్కితే వేణువు. ఇంక మీ వాడెందుకమ్మా, బటన్ చాలదూ?" అని తల్లుల మొహం మీదే అనేస్తారు. అయినా వాళ్ళు పిల్లల్ని పంపిస్తూనే ఉంటారు. దోహాలో శుక్రవారం ప్రార్థన కూటాల్లో తెలుగు పాటకి వాయించే పిల్లల్లో సగం మంది ఈవిడ పెన్సిలు రుచి చూసినవాళ్ళే.

ఆ పిల్లలందరిలోకీ తెలుగు రాని పిల్ల ఒకతి ఉంది. పేరు ఎఫువా. ఎనిమిదేళ్ళు. వాళ్ళది ఘనా దేశం. తల్లి అబీనా నర్సు, ఇదే బిల్డింగులో నాలుగో అంతస్తు. చెప్పొద్దూ, ముప్పై ఏళ్ళలో అలాంటి చెవి ఉన్న పిల్ల సుసన్నగారికి దొరకలేదు. ఒకసారి వింటే చాలు, రెండోసారికి వేళ్ళు వాటంతటవే వెతుక్కుంటాయి. "నాకు పిల్లలందరూ ఒకటే" అని ఆవిడ అంటారు గానీ అది శుద్ధ అబద్ధం. పాఠం అయ్యాక అందరికీ బిస్కెట్టు, ఎఫువాకి మాత్రం కజ్జికాయ.

ఇక ఆ పాట సంగతి. అది చెప్పాలంటే ఖతార్ పడమటి ఒడ్డున ఉన్న దుఖాన్ వెళ్ళాలి.

పెళ్ళయిన మరుసటేడు, తొంభై ఒకటిలో, సుసన్నగారు భర్త డేనియల్‌గారి వెంట దుఖాన్‌లో దిగారు. ఆయన ఆయిల్ కంపెనీ స్టోర్స్‌లో పని. కంపెనీ క్వార్టర్సు, ముందు రెండడుగుల తోట, వెనకాల ఎడారి, కాస్త నడిస్తే సముద్రం. నరసాపురంలో మిషన్ స్కూలు హెడ్మాస్టరు కూతురిగా పెరిగిన మనిషికి అక్కడ ఏం తోస్తుంది? ఆర్నెల్లు ఏడ్చారు. ఆయన డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, ఏమీ అనకుండా పక్కన కూర్చునేవారు. "ఏదో ఒకటి మాట్లాడండీ" అని ఈవిడ విసుక్కుంటే, "నువ్వు ఏడువు సుసీ, నేను ఇక్కడే ఉంటాను" అనేవారు. అదీ డేనియల్‌గారంటే.

అంతలో వెనక వీధి అమెరికా ఇంజినీరు కుటుంబం సామాను సర్దుకుని వెళ్ళిపోతూ, వాళ్ళ పియానో ఎవరికైనా ఇచ్చేస్తామన్నారు. డేనియల్‌గారు స్టోర్స్ నుంచి నలుగురిని పిలుచుకొచ్చి, పికప్‌లో ఎక్కించి, తెచ్చి ముందు గదిలో పెట్టించారు. గదిలో ఇంక మంచానికి చోటు లేదు. వరండాలో పడుకున్నారు కొన్నాళ్ళు. పియానోతోబాటు స్టూలు వచ్చింది. మూత తీస్తే లోపల పెట్టెలాగా ఉంటుంది, దాన్నిండా పాటల కాగితాలు. ఆ దొరసాని అమ్మమ్మ కాలంనాటివట. సుసన్నగారు స్వరాల గీతలు చదవడం చిన్నప్పుడే మిషన్ బంగళాలో నేర్చుకున్నారు. ఇంకేముంది, దుఖాన్ ఆవిడకి స్వర్గమైపోయింది.

వాటిలో ఒక పాట ఉంది. మూడు దెబ్బల తాళం, ఊయల ఊగినట్టు వెళ్ళి వెనక్కి వచ్చే వరస. అది వాయించిన మొదటిసారే డేనియల్‌గారు చేతిలో టీ కప్పు అలాగే పట్టుకుని నిలబడిపోయారు. ఇంగ్లీషు మాటలు తీసేసి దానికి తనే తెలుగు మాటలు కట్టారు. మన క్రైస్తవులకి ఇది తాతలనాటి అలవాటు, ఏ దేశం వరసైనా తెచ్చుకుని మన మాటలు కూర్చుకుని పాడుకోవడం. ఇది భక్తి పాట కూడా కాదు, జోలపాట.

"ఎండ దిగింది ఇసుక మీద, కళ్ళు మూసుకో చిన్నారీ,
నాన్న డ్యూటీ దిగి వచ్చాడు, నీ పక్కనే ఉన్నాడూ…"

కూతురు పెర్సిస్ ఆ పాటతోనే పెరిగింది. పిల్లని భుజాన వేసుకుని ఆయన గదిలో తిరుగుతూ పాడేవారు, ఈవిడ వాయించేవారు, కిటికీలోంచి సముద్రం గాలి వచ్చేది. ఆహా, ఆ రోజులు! ఇప్పటికీ సుసన్నగారు ఆ వరస మొదలెడితే మన్సూరా ఫ్లాటూ, కింద కార్ల హారన్లూ ఏవీ ఉండవు. దుఖాన్ వరండాలో ఉప్పు వాసన తగులుతుంది, అంతే.

ఇంకో సంగతి. డేనియల్‌గారికి అట్టల పిచ్చి. జూన్‌లో స్కూలు పుస్తకాలకి అట్టలు వేస్తాం చూడండి, అలా ఇంట్లో ఉన్న ప్రతి కాగితానికీ అట్ట వేసేవారు. బైబిలుకి, కరెంటు బిల్లుల ఫైలుకి, పెర్సిస్ రంగుల పుస్తకానికి, ఆఖరికి వంటల పుస్తకానికి కూడా ఖాకీ అట్ట. ఆ పాటకీ వేశారు. మైదాపిండి జిగురు కాచి మరీ అంటించారు. లోపల ఇంగ్లీషు మాటల మీద సన్నటి కాగితం ముక్కలు అతికించి, వాటి మీద తెలుగు మాటలు ముత్యాల్లా రాశారు. "నేను పోయాక మా ఆయన నాకూ ఒక ఖాకీ అట్ట వేసి పంపిస్తాడు" అని సుసన్నగారు అందరి దగ్గరా వేళాకోళం చేసేవారు. అందరూ నవ్వేవారు, ఆయనా నవ్వేవారు.

కానీ ముందు ఆయనే వెళ్ళిపోయారు. రిటైరయ్యాక పెర్సిస్ ఉద్యోగం మీద వీసా పెట్టుకుని మన్సూరాకి వచ్చారు, నాలుగేళ్ళు తిరక్కుండానే గుండెపోటు. వచ్చే శుక్రవారానికి మూడేళ్ళు. ఇంట్లో జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నారు. ముప్పైమంది దాకా వస్తారు, పాస్టరుగారు వాక్యం చెబుతారు, బిర్యానీ వండిస్తారు. ఆ పాట ఈసారి ఎఫువా వాయించాలి. సుసన్నగారి వేళ్ళు ఈమధ్య వంగడం లేదు, కీళ్ళ నొప్పులు. తన తర్వాత ఆ వరస ఎవరి చేతిలోనైనా ఉండాలని ఆవిడ ఆశ. పెర్సిస్‌కా, సంగీతం బొత్తిగా అంటలేదు. ఉన్న ఆశంతా ఎఫువా మీదే.

అందుకే ఎన్నడూ గడప దాటించని ఆ కాగితాలు పిల్ల చేతికిచ్చి, "ఇంట్లో కీబోర్డు మీదైనా ప్రాక్టీసు చెయ్యి, జాగ్రత్త తల్లీ" అని పంపారు. ఆదివారం పంపారా, మంగళవారం పిల్ల రాలేదు.

గురువారమూ రాలేదు. జ్వరమేమో అనుకున్నారు. స్కూలు పరీక్షలేమో అనుకున్నారు. అబీనాకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, డ్యూటీలో ఉందేమో అనుకున్నారు. కజ్జికాయలు డబ్బాలో మెత్తబడిపోతున్నాయి. శనివారం సాయంత్రం చెత్త సంచీ బయట పెడదామని తలుపు తీస్తే, పిడికి ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతోంది. లోపల ఆ పాట కాగితాలు. పైన చిన్న చీటీ, అబీనా రాత: "నీళ్ళు పడ్డాయి. క్షమించండి. ఎఫువా ఇక రాదు."

నీళ్ళు పడి జిగురు ఉబ్బి, ఖాకీ అట్ట సగానికి పైగా ఊడిపోయింది. కింద బొమ్మ.

బొగ్గులాంటి మొహం. మనిషి మొహం కాదది, మనిషిని వెక్కిరించడానికి గీసిన మొహం. చెవి నుంచి చెవి దాకా ఎర్రటి పెదాలు, గుడ్లు బయటికి పొడుచుకొచ్చిన కళ్ళు, చిరుగుల కోటు, పక్షి కాళ్ళలా వంకరపోయిన కాళ్ళు, చేతిలో తీగల వాద్యం. పక్కన ఒక చిన్నపిల్ల బొమ్మ, ఆ పిల్లకీ అదే నోరు, అవే కళ్ళు. లోపల తెలుగు ముక్కలు కూడా ఊడాయి. కింద ఇంగ్లీషు మాటలు. బానిసలు మాట్లాడే ఇంగ్లీషు ఇలా ఉంటుందని ఎగతాళిగా ముక్కలు ముక్కలు చేసిన మాటలు, మనుషుల్ని పిలవకూడని పేర్లు.

సుసన్నగారు ఆ కాగితాలతో లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

ఆఫీసు నుంచి వచ్చిన పెర్సిస్ ఆ కాగితాలు చూసి, ఫోన్‌లో వెతికి, చదువుతూ మొహం చిట్లించుకుంది. "ఛీ! మమ్మీ, వందేళ్ళ క్రితం, అంతకుముందూ, అమెరికాలో తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ళ వేషాలు వేసేవారట. బద్ధకస్థులు, తెలివితక్కువవాళ్ళు, ఎప్పుడూ ఇకిలిస్తూ ఉంటారు అన్నట్టు ఆడేవారట. జనం విరగబడి నవ్వేవారట. ఆ పాటలు ఇలా అచ్చువేసి, పియానో ఉన్న ప్రతి ఇంటికీ అమ్మేవారట."

సుసన్నగారు వింటున్నారో లేదో తెలీదు. వేలితో అట్ట అంచు రుద్దుతున్నారు.

"దీనికొక్కదానికే అంటించారు" అన్నారు మెల్లగా.

"ఏంటి?"

"మీ డాడీ అన్ని పుస్తకాలకీ మడత పెట్టి అట్ట వేసేవారు. తీస్తే వచ్చేస్తుంది. దీనికొక్కదానికే జిగురు రాసి, ఎవరూ తియ్యకుండా అంటించారు. అట్టలు వెయ్యడం మొదలెట్టింది కూడా దీంతోనే. మిగతావన్నీ తర్వాతే."

ఆ మాట అన్నాక మిగతాది దానంతటదే వచ్చేసింది. ఇన్నేళ్ళు ఎక్కడ దాక్కుందో ఏమో! దుఖాన్‌లో ఆ మొదటి సాయంత్రం, స్టూలు మూత తీసింది తనే. పైన ఉన్న కాగితం ఇదే. ఈ బొమ్మ చూసి తను ఫక్కున నవ్వింది. "ఏవండీ, ఇలా రండి, వీడి మొహం చూడండి! మన ఊళ్ళ నాటకాల్లో పేటవాడి వేషంలా లేడూ!" అని కడుపు పట్టుకుని నవ్వింది. ఆయన వచ్చి చూశారు. నవ్వలేదు. "పాట బాగుంటుందేమో వాయించు" అని మాత్రం అన్నారు. మర్నాడు డ్యూటీ దిగి వస్తూ ఖాకీ కాగితం తెచ్చారు.

పేటవాడి వేషం. డేనియల్‌గారిది కృష్ణా జిల్లాలో ఊరవతల పేట. అది సుసన్నగారికి తెలీక కాదు, పెళ్ళినాటికే తెలుసు. హెడ్మాస్టరుగారు ఆ సంబంధానికి మొదట మొహం ముడుచుకున్నారు కూడా. ఇద్దరూ ఒకే దేవుణ్ణి కొలిచేవాళ్ళే, అయినా ముడుచుకున్నారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం, కందిపప్పు ఏరుతూ కూర్చున్నప్పుడు, ఆయన ఉన్నట్టుండి ఒక మాట చెప్పారు. వాళ్ళ ఊళ్ళో నాటకం ఆడినప్పుడల్లా హాస్యం కోసం ఒక వేషం ఉండేదట. మొహాన మసి, చినిగిన గోచీ, వంకర నడక, పేటవాళ్ళ మాటల్ని పట్టి పట్టి వెక్కిరించడం. దానికి డప్పు కొట్టడానికి డేనియల్‌గారి నాన్ననే పిలిచేవారట. ఊరంతా నవ్వుతుంటే ఆయనా డప్పు కొడుతూ నవ్వేవాడట.

"మీ నాన్నగారు ఎందుకు నవ్వడం?" అని అప్పుడు సుసన్నగారు అడిగారు.

"నవ్వకపోతే ఎలా సుసీ" అని ఊరుకున్నారు డేనియల్‌గారు, పప్పు చేటలో రాయి ఏరి పక్కన పెడుతూ.

అప్పుడు కూడా ఈవిడకి తట్టలేదు, చూడండి! తన నవ్వు తనకి గుర్తే రాలేదు. నవ్వినవాళ్ళకి గుర్తుండదు కాబోలు. పెళ్ళాం ఆ పాటంటే ప్రాణం పెడుతోంది గనక ఆయన దాన్ని పారెయ్యలేదు. బొమ్మ కప్పేశారు, మాటలు కప్పేశారు, ఒక్క బొమ్మకే అట్ట వేస్తే ఎందుకని అడుగుతుందేమోనని ఇంట్లో కాగితాలన్నిటికీ అట్టలు వేశారు. ఆ అట్టల మీద ఈవిడ ముప్పై ఏళ్ళు వేళాకోళాలాడారు. సుసన్నగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. పక్కన కూర్చుని ఊరుకునే మనిషి ఇప్పుడు లేడు.

పెర్సిస్ అంతా విని, తల్లి వీపు నిమిరి, కాసేపటికి అసలు సంగతికి వచ్చింది. "సరే మమ్మీ. పైకెళ్ళి అబీనాతో, ఆ బొమ్మ ఉందని నీకు తెలీదని చెప్పు. అట్ట వేసి ఉంది కదా, నమ్ముతుంది. పిల్ల వచ్చేస్తుంది."

"చూశాను కదే."

"ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందట! ఎవరికి తెలుస్తుంది? నిజం చెప్పావంటే ఆవిడ ఇంకెప్పుడూ పంపదు."

అదీ నిజమే. సుసన్నగారు రెండంతస్తులూ మెట్ల మీదుగానే ఎక్కారు, లిఫ్టు ఉన్నా. మెట్టు మెట్టుకీ "నాకు తెలీదమ్మా" అనే మాటే నోట్లో సర్దుకున్నారు. పిల్ల కావాలి. ఆ పిల్ల లేకపోతే పాట లేదు, సాయంత్రం నాలుగింటికి ఎదురుచూడ్డానికి ఇంకేమీ లేదు. ఒక్క అబద్ధమే కదా, దేవుడు అర్థం చేసుకోడా అనుకున్నారు.

అబీనా తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు. వాళ్ళు మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే, మనం తెలుగులో చెప్పుకుందాం.

"అబీనా, ఆ బొమ్మ…"

"టీచర్, ఒక్క సంగతి చెప్పనివ్వండి" అంది అబీనా. గొంతు పెంచలేదు. "ఆదివారం నుంచి నా కూతురు అద్దం ముందు నిలబడుతోంది. పెదాలు లోపలికి మడుచుకుని చూసుకుంటోంది. చిన్నవి అవుతాయా అని."

ఆ పెదాల మీద కజ్జికాయ పొడి తుడిచిన చేతులు సుసన్నగారివే. అలాంటి పిల్ల తల్లి ముందు నిలబడి ఎలా బొంకడం?

"నేను ఆ బొమ్మ చూశాను" అన్నారు. "చాలా ఏళ్ళ కిందట, పాట దొరికిన రోజునే. చూసి నవ్వాను. మా ఆయన దాన్ని కప్పేశాడు. తర్వాత నేను మర్చిపోయాను. మర్చిపోయి నీ కూతురికే నేర్పాను."

అబీనా ఆవిడ మొహంలోకి చూసింది. లోపలికి తిరిగి పిలిచింది. "ఎఫువా! ఇలా రా. టీచర్ నీకు చెప్పాల్సింది ఉందట."

ఎఫువా వచ్చి తల్లి వెనకాల నిలబడింది. సుసన్నగారు కీళ్ళు కలుక్కుమంటున్నా గుమ్మంలోనే కింద కూర్చున్నారు, పిల్ల కళ్ళకి తన కళ్ళు అందేలా. అన్నీ చెప్పారు. మొహాలకి మసి పూసుకున్న వాళ్ళ గురించి, ఆ బొమ్మ ఎవరిదీ కాదని, నవ్వాలనుకున్నవాళ్ళు కల్పించుకున్నదని, తమ ఊళ్ళో కూడా అలాంటి వేషమే ఉండేదని, డేనియల్ అంకుల్ వాళ్ళ నాన్న దానికి డప్పు కొట్టాడని. తను నవ్వానని కూడా చెప్పారు. "తప్పు చేశాను తల్లీ. సారీ."

పిల్ల ఆలోచించింది. "నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా నవ్వొచ్చిందా?"

"లేదమ్మా. నీ చేతులు చూశాను. చిటికెన వేలు ఎంతదాకా చాచగలవో అని."

ఎఫువా తన చెయ్యి చాచి చూసుకుంది. తర్వాత నిక్కచ్చిగా అంది, "ఆ పాట నేను వాయించను ఆంటీ."

ప్రాణం చివుక్కుమంది. దుఖాన్ సముద్రం గాలి, ఆయన భుజం మీద పెర్సిస్, అన్నీ ఆ వరసలోనే ఉన్నాయి. అయినా సుసన్నగారు "వద్దులే" అన్నారు. "ఇంకోటి నేర్చుకుందాం."

"సరే." వెళ్ళబోతూ పిల్ల వెనక్కి తిరిగింది. "మరి అంకుల్‌కి సారీ చెప్పారా?"

అబీనా సుసన్నగారిని చెయ్యి పట్టి పైకి లేపింది.

శుక్రవారం కూటానికి ముప్పైమంది పైనే వచ్చారు. సోఫాలు చాలక కొందరు చాపల మీద కూర్చున్నారు. గోడకి డేనియల్‌గారి ఫోటో, చుట్టూ తెల్లపూలు. అబీనా కూడా వచ్చింది, ఆవిడ పక్కన ఎఫువా. వాక్యం అయ్యాక పాస్టరుగారు, "సుసన్నమ్మగారూ, డేనియల్‌గారికి ఇష్టమైన పాట" అన్నారు, ఎప్పటిలాగే.

సుసన్నగారు లేచారు. పియానో దగ్గరకి వెళ్ళలేదు. ఫోటో ముందుకి వెళ్ళి నిలబడ్డారు. అందరూ వింటుండగా, వంటింట్లో మాట్లాడినట్టే మాట్లాడారు.

"ఏవండీ, ఆ రోజు నేను ఆ బొమ్మ చూసి నవ్వాను. మీరు నవ్వలేదు. అది మీ నాన్నగారిని చూసి నవ్వినట్టేనని నాకు ఇన్నాళ్ళకి తెలిసింది. నన్ను క్షమించండి."